మంగళగిరి ఎర్ర కారుకు చక్రాలు కుదిర్చిన వైనం

బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర చక్రాల షాపులో పనిచేసి రిటైరయ్యానని చెబితే కొత్తవాళ్ళు నన్ను జాలిగా చూస్తారు. పాపం, ఈవిడ పంక్చర్లు వేసుకుని బతికింది కాబోలు అని వాళ్ళ ఊహ. పంక్చర్లు వేయలేదని కాదు, వేశాను. కానీ నా ఉద్యోగం అది కాదు. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చదివి, కార్ల చక్రాలు అమ్మే షాపులో చేరి, తల నెరిసేదాకా ఒకటే పని చేశాను. ఏ కారుకు ఏ చక్రం నప్పుతుందో చెప్పాలి. ఇంకా నిజం చెప్పాలంటే, ఏది నప్పదో చెప్పాలి. మొదటిదానికి జీతం ఇచ్చేవారు. రెండోదానికి తిట్లు వచ్చేవి.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, మేడమ్, ముందు ఏం నేర్చుకోవాలి అని అడుగుతుంటారు. కొలతలు ఎవరైనా నేర్పుతారు. వచ్చినవాడికి చక్రం కావాలా, లేక ఎవరినో ఉడికించడానికి ఇంకేదో కావాలా అన్నది కనిపెట్టడం మాత్రం ఎవరూ నేర్పరు. అందుకే నా మొత్తం సర్వీసులోంచి ఒక్క కారు సంగతి ఎంచుకుని రాస్తున్నాను.

మా యజమాని సిద్ధాంతం

ముందు మా యజమాని కోటేశ్వరరావు గారి గురించి చెప్పాలి. పామర్రు వైపు వ్యవసాయ కుటుంబం. బెజవాడ వచ్చి మొదట ట్రాక్టరు టైర్లు అమ్మారు, తరవాత కార్ల చక్రాల్లోకి దిగారు. మనిషి బంగారం. పండక్కి అందరికీ బట్టలు పెట్టేవారు. ఎవరింట్లో జ్వరమొచ్చినా ముందు ఆయనే వెళ్ళేవారు. ఒకటే జబ్బు. ట్రాక్టరు వెనక చక్రం చూస్తూ పెరిగిన మనిషి కావడంతో, చక్రం ఎంత పెద్దదైతే బండికి అంత గౌరవం అని ఆయన గట్టి నమ్మకం.

"పెద్దవైతే పోయేదేముందమ్మా, చూడ్డానికి నిండుగా ఉంటాయి" అనేవారు.

మీ కాలికన్నా రెండు సైజులు పెద్ద చెప్పులు వేసుకుని వన్ టౌన్ అంతా ఒకసారి తిరిగి రండి అని నేను ఒకసారి అన్నాను. ఆయన కడుపుబ్బ నవ్వారు. నవ్వడం అయ్యాక, ఎదురుగా ఉన్న కస్టమరుకు పెద్ద చక్రాలే అమ్మారు.

పటమట నుంచి వచ్చిన ఒక కుర్రాడికి ఇలాగే, బండి ఒంటికన్నా నాలుగు వేళ్ళు బయటికి పొడుచుకొచ్చే చక్రాలు కట్టారు. మొదటి వానకే రోడ్డుమీది బురదంతా లేచి అతని అద్దాలకే కొట్టింది. తలుపు తీసి దిగితే ప్యాంటు నిండా చక్రాలకున్న బురదే. అతను లబోదిబోమంటూ షాపుకొచ్చాడు. యజమాని ఓదార్చి, కూర్చోబెట్టి, కూల్‌డ్రింక్ ఇప్పించి, మడ్ ఫ్లాపులు అమ్మారు.

ఇలాంటి మనిషి దగ్గర పనిచేయడం కష్టమా అంటే, కష్టమే. కానీ విసుగు పుట్టేది కాదు.

ఎర్ర కారు

ఒకరోజు ఉదయం షాపు ముందు ఎర్రటి చిన్న కారు ఆగింది. రెండే తలుపులు, రెండే సీట్లు, వెనక్కి మడిచేసుకునే గుడ్డ టాపు. జపాన్‌లో తయారైనది. ఎప్పుడో నేను ఉద్యోగంలో చేరిన రోజుల నాటి మోడల్. అంత వయసొచ్చినా ఎక్కడా వంకర పోలేదు. నేలకు ఆనుకున్నట్టుండే ఆ కారులోంచి శేషగిరిరావు గారు చేతులు ముందు, కాళ్ళు తరవాత, నడుం ఆఖర్న బయటికి తెచ్చుకుని దిగారు. మంగళగిరిలో చేనేత చీరల వ్యాపారం ఆయనది. పక్క సీట్లోంచి ఆయన భార్య అన్నపూర్ణ గారు మాత్రం చీర కుచ్చిళ్ళు చెదరకుండా దిగారు. వ్యాపారం మొదట్లో మగ్గాల దగ్గర్నుంచి చీరల మూటలు బెజవాడ తెచ్చే వ్యాను నడిపింది ఆవిడేనట. డ్రైవింగులో ఆయనకన్నా ఆవిడ చెయ్యే నమ్మకమైందని తరవాత నేనే చూశాను.

ఇంట్లో ఎవరినీ అడక్కుండా శేషగిరిరావు గారు జీవితంలో కొన్న మొదటి వస్తువు ఆ కారు. హైదరాబాదులో ఒక ముసలి డాక్టరు గారు అమ్ముతుంటే కొన్నారు. ఇంజను భేషుగ్గా ఉంది. చక్రాలే పోయాయి. రెండు రిమ్ములు గుంతల్లో పడి వంగాయి, ఒకదానికి సన్నటి పగులు కూడా ఉంది. పొద్దున గాలి కొడితే సాయంత్రానికి దిగిపోతోంది. అవే చక్రాలు కొత్తవి కావాలంటే మన దగ్గర దొరకవు.

అంతవరకూ మామూలు కేసే. కానీ దీని వెనక ఒక పందెం ఉంది.

శేషగిరిరావు గారి వియ్యంకుడు రంగనాయకులు గారిది గుడివాడలో రైసు మిల్లు. భారీ మనిషి. ఆయన కారూ భారీదే, ఎక్కడానికి మెట్టు కావలసినంత ఎత్తు. ఆయన ఈ ఎర్ర కారును మొదటిసారి చూసినప్పుడు పదిమందిలో, దీన్ని బయట ఎందుకు వదిలేశారు బావగారూ, లోపల మనవడి ఉయ్యాల పక్కన పెట్టండి అన్నారట. శేషగిరిరావు గారు చిన్నబుచ్చుకోలేదు, రెచ్చిపోయారు. మనవడి అన్నప్రాసనకు ఈ కారులోనే గుడివాడ వస్తాను అన్నారు. రంగనాయకులు గారు వెంటనే షరతులు పెట్టారు. కంకిపాడు నుంచి లోపలి రోడ్డునే రావాలి. దారిలో రిపేరుకే కాదు, ఎందుకూ ఆగకూడదు. ఆగితే ఈ బొమ్మను అమ్మేసి, తాను చూపించిన బండి కొనుక్కోవాలి. ఆగకుండా వస్తే తాను ఈ కారెక్కి గుడివాడ బజారంతా ఊరేగుతాను.

శేషగిరిరావు గారు ఈ కథంతా చెప్పి, "వియ్యంకుడి కళ్ళు తిరిగిపోయే చక్రాలు వెయ్యండి మేడమ్" అన్నారు.

ఆయన మా యజమాని గదిలోకి వెళ్ళగానే అన్నపూర్ణ గారు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు. "నాకు ఈ కారు మీద ఏమంత మోజు లేదండీ. కొడుక్కి షాపు అప్పజెప్పాక ఈయన ఇంట్లో మాట్లాడ్డమే మానేశారు. గోడకేసి చూస్తూ కూర్చునేవారు. ఈ కారొచ్చాక పొద్దున్నే తుడుచుకుంటూ పాట పాడుతున్నారు. ఆ పాట వినేట్టు ఉండదు. అయినా ఉండనీండి. ఈ కారు పోకూడదు."

ఎవరికి ఏం కావాలో అప్పుడు నాకు తెలిసింది. ఆయన అడుగుతున్నది వియ్యంకుడి కళ్ళు తిరిగే చక్రాలు. ఆవిడకు కావలసింది గుడివాడ చేర్చే చక్రాలు. మా యజమాని మనసులో ఉన్నవి మూడో రకం. షోరూములో చాలాకాలంగా కదలకుండా కూర్చున్న, అద్దంలా మెరిసే పెద్ద క్రోమ్ చక్రాలు.

కొబ్బరి కోరు

వద్దని చెప్పాను. ఆ కారుకు ఆ సైజు చక్రం పట్టదన్నాను. శేషగిరిరావు గారు క్రోములో తన ముఖం చూసుకుంటూ మీసం సవరించుకుంటున్నారు. కస్టమరు మనసు పడ్డాక మనం అడ్డు చెప్పకూడదమ్మా అని యజమాని నన్ను పక్కకు తీసుకెళ్ళి బుజ్జగించారు. చక్రాలు బిగించారు. ఎలా ఉందని కారును చూస్తే, చిన్నపిల్లకు అమ్మమ్మ గాజులు తొడిగినట్టుంది.

ట్రయలుకు శేషగిరిరావు గారి పక్కన యజమానే కూర్చున్నారు. నేనూ అన్నపూర్ణ గారూ ఫుట్‌పాత్ మీద నిలబడ్డాం. కారు తిన్నగా వెళ్ళినంతసేపూ బాగానే ఉంది. సర్కిల్ దగ్గర వెనక్కి తిప్పగానే బర్రుమని శబ్దం, ఎవరో పెద్ద గోనెసంచి చింపుతున్నట్టు. ట్రాఫిక్ కానిస్టేబుల్ విజిల్ నోట్లోనే పెట్టుకుని చూస్తూ నిలబడిపోయాడు. ప్రతి మలుపుకూ అదే శబ్దం. తిరిగొచ్చాక యజమాని దిగి, స్పోర్ట్స్ కారంటే శబ్దం ఉంటుందండీ, అదే దాని దర్జా అన్నారు. చెబుతున్నప్పుడు ఆయన పళ్ళు ఇంకా టకటకమంటున్నాయి. వేగం అందుకోగానే కారంతా వణికిందట.

అన్నపూర్ణ గారు తాళాలు తీసుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పారు. ఇంతకుముందు వేలితో తిప్పితే తిరిగేది, ఇప్పుడు భుజం నొప్పెడుతోంది అన్నారు. కారు ఆపాక నేను చక్రం పైన కప్పులా ఉండే ఫెండరు కిందకు చెయ్యి పోనిచ్చి, అక్కడ రాలి ఉన్నది గుప్పిట్లోకి తీసి శేషగిరిరావు గారి అరచేతిలో పోశాను. నల్లగా, సన్నగా, కొబ్బరి కోరులా ఉంది. కొత్త టైరు అంచును ఫెండరు రేకు కోరేసింది.

ఆయన దాన్ని వేళ్ళతో నలిపి చూశారు. యజమాని మాత్రం ఆశ వదులుకోలేదు. ఆ రేకును సుత్తితో కాస్త బయటికి కొడితే సరిపోతుందన్నారు. ఆ మాటకు శేషగిరిరావు గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. అంతే, చక్రాలు విప్పించేశారు.

పట్టడం వేరు, నప్పడం వేరు

ఇక్కడ కాసేపు పాఠం చెప్పక తప్పదు. పాత కారుకు చక్రం వెతికేటప్పుడు అందం ఆఖర్న చూడండి. ముందు బోల్టు రంధ్రాలు. అవి ఎన్ని, ఏ వలయం మీద ఉన్నాయి అన్నది వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి. దగ్గరదగ్గరగా ఉంది కదా అని బిగించేవాడు మన వృత్తిలో ఉండకూడదు. తరవాత చక్రం మధ్యలో ఉన్న పెద్ద రంధ్రం. అది కారు హబ్ మీద, అంటే ఇరుసు చివరనుండే గుండ్రటి దిమ్మ మీద, బిగుతుగా కూర్చోవాలి. వదులుగా ఉంటే మా యజమాని పళ్ళకు పట్టిన గతే. కాస్త వదులైతే సరైన రింగు వేసి సరిచేయొచ్చు, బిగుతైతే ఏమీ చేయలేం. మూడోది ఆఫ్‌సెట్, అంటే చక్రం బండి లోపలికి ఎంత ఒదుగుతుంది, బయటికి ఎంత తొంగిచూస్తుంది అన్నది. లోపలికి ఎక్కువైతే స్ప్రింగులుండే సస్పెన్షన్‌కు తగులుతుంది, బయటికి ఎక్కువైతే పటమట కుర్రాడి బురద. చక్రం లోపల బ్రేకులకు చోటుందో లేదో చేత్తో తిప్పి చూడాలి. నట్ల అడుగు ఆకారం కూడా చక్రంలోని గుంటకు సరిపోవాలి. ఇది చాలామంది మరిచిపోతారు, చక్రం ఊడినప్పుడు గుర్తుకొస్తుంది.

ఇక సైజు. రిమ్ము పెద్దదయ్యేకొద్దీ టైరు పలచబడుతుంది. పలచటి టైరు నున్నటి రోడ్డు మీద రాజే. మన డెల్టా లోపలి రోడ్ల మీద వాన వెలిశాక అది చక్రానికీ గుంతకూ మధ్య అట్టముక్కలాంటిది. పాత స్పోర్ట్స్ కారు తయారుచేసినవాళ్ళు చిన్న చక్రం, తేలిక చక్రం లెక్కలోనే దాని స్టీరింగూ స్ప్రింగులూ కుదిర్చారు. వాళ్ళకన్నా మనకు ఎక్కువ తెలుసనుకోవద్దు.

ఈ కొలతలన్నీ పట్టుకుని నేను ఆటోనగర్‌లో పాత విడిభాగాల వాళ్ళ షెడ్లన్నీ తిరిగాను. చివరకు ఒకచోట నాలుగు అల్లాయ్ చక్రాలు దొరికాయి. రంధ్రాలు కలిశాయి, ఆఫ్‌సెట్ కలిసింది, మధ్య రంధ్రం కాస్త పెద్దది, రింగులు వేస్తే చాలు. లోపలి అంచులు టార్చిలైటు వేసి చూశాను, పగుళ్ళు లేవు. బ్యాలెన్సింగ్ మెషీను మీద తిప్పితే వంకర లేదు. ఎనిమిది సన్నటి ఊచలు, ఆడంబరం లేని అచ్చు.

చిక్కల్లా ఒక్కటే. అవి ఒక మామూలు ఫ్యామిలీ కారు చక్రాలు. పిల్లల్ని స్కూల్లో దించి, మార్కెట్‌లో కూరలు తెచ్చుకునే రకం. స్పోర్ట్స్ కారుకు వాటిని వేస్తానంటే శేషగిరిరావు గారు ఆ రోజే గుమ్మం దిగి వెళ్ళిపోతారు.

అన్నపూర్ణ గారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ, వాటికి మెరుపు లేని వెండిరంగు వేయించండి, మిగతాది నేను చూసుకుంటాను అన్నారు.

శేషగిరిరావు గారు వచ్చేసరికి ఒక చక్రాన్ని బల్ల మీద నిలబెట్టి పైన మంగళగిరి జరీ అంచు గుడ్డ కప్పి ఉంచాం. ఆ గుడ్డ అన్నపూర్ణ గారు తెచ్చిందే. పెళ్ళిచూపుల్లో లాగా ఆవిడే మెల్లగా తీశారు. ఆయన చుట్టూ తిరిగి చూశారు. పెద్దగా మెరవట్లేదే అన్నారు.

"ఒళ్ళంతా ఎరుపైతే అంచు ఒద్దికగా ఉండాలని మన చీరల షాపులో అందరికీ మీరే కదండీ చెప్పేది" అన్నారు అన్నపూర్ణ గారు.

ఆయన చక్రాన్ని కారు పక్కన పెట్టించి, రోడ్డు దాటి అవతలికి వెళ్ళి అక్కడ్నుంచి చూశారు. కాసేపటికి మళ్ళీ రోడ్డు దాటి వచ్చారు. వస్తూ వస్తూ ఏదో కూనిరాగం తీస్తున్నారు. ఆవిడ అన్న మాట నిజమే, వినేట్టు లేదు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

అప్పుడడిగారు, ఇంతకీ ఇవి ఎక్కడివి మేడమ్ అని. అబద్ధం చెప్పడం నాకు ఇష్టం లేదు.

"మంచి కుటుంబం నుంచి వచ్చినవండీ" అన్నాను.

ఆయన తృప్తిగా తల ఊపారు. అన్నపూర్ణ గారు మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగారు. చాలా నెలల తరవాత మంగళగిరి బస్టాండు దగ్గర అచ్చం అలాంటి చక్రాలతో ఒక పాత చిన్న కారు కనబడితే ఆయన నాకు ఫోన్ చేసి, మన అమ్మాయి పుట్టింటివాళ్ళు కనిపించారు అని నవ్వారు. కోపం తెచ్చుకుంటారేమోనని భయపడ్డాను గానీ, అప్పటికి ఆయన ఆ చక్రాలకు బాగా అలవాటుపడిపోయారు.

కంకిపాడు దాటాక

అన్నప్రాసన రోజు వెనకాలే మా బండి కూడా రావాలని శేషగిరిరావు గారు పట్టుబట్టారు. ధైర్యానికే తప్ప రిపేరుకు కాదన్నారు. యజమాని తన సొంత కారులోనే నన్ను ఎక్కించుకున్నారు. ఎక్కబోతూ చూద్దును కదా, ఆ మెరిసే క్రోమ్ చక్రాలు దానికే ఉన్నాయి. ఎవరూ కొనకపోతే ఏం చేస్తామమ్మా, నిండుగా ఉన్నాయి కదా అన్నారు. వాటి సైజు ఆ కారుకు పడుతుంది, అందులో తప్పు లేదు. కానీ వాటి మీద టైరు అట్టముక్కే.

కంకిపాడు దాటి లోపలి రోడ్డు ఎక్కాం. ముందు ఎర్ర కారు, టాపు తీసి ఉంది. శేషగిరిరావు గారు నడుపుతున్నారు. వానలకు రోడ్డు అక్కడక్కడా లేచిపోయింది. ఎర్ర కారు ఒక గుంతలో దిగి, తేలిగ్గా పైకి లేచి, ఏమీ జరగనట్టు సాగిపోయింది. మేము అదే గుంతలో దిగాం. టపామని పేలింది.

అన్నపూర్ణ గారు వెనక్కి తిరిగి చూశారు. ఆగకూడదని షరతు కదా. చెయ్యి ఊపి ముందుకు సాగిపోయారు. కాసేపట్లో ఎర్ర కారు వరిచేల మధ్య చుక్కంతయి కనబడకుండా పోయింది.

మేము కాలవగట్టు పక్కన ఎండలో నిలబడ్డాం. యజమాని పట్టుపంచె పైకి మడిచి జాకీ తిప్పుతూ, ఎన్నడూ లేనంత మెల్లగా, "అమ్మా, ఇది షాపులో ఎవరికీ చెప్పకు" అన్నారు. నేను షాపులో ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను, అంతే.

ఆ రోజు తరవాత ఆయన పెద్ద చక్రాలు అమ్మడం మానేశారని రాస్తే మీకు నచ్చుతుంది. మానలేదు. కాకపోతే అమ్మేముందు, మీరు ఏ రోడ్ల మీద తిరుగుతారండీ అని అడగడం మొదలుపెట్టారు. యజమానిలో అంత మార్పు వస్తే చాలు, పనివాళ్ళు దాన్ని పండగ చేసుకోవాలి.

రెండే సీట్లు

మేము గుడివాడ చేరేసరికి రంగనాయకులు గారి ఇంటి ముందు ఎర్ర కారు తోరణం కింద నిలబడి ఉంది. ఎక్కడా ఆగలేదట. శేషగిరిరావు గారు ఎవరు కనబడితే వాళ్ళకు ప్రతి గుంతా వర్ణించి చెబుతున్నారు. మనవడు పాయసం చప్పరించి, గిన్నె తన్నేసి, అందరినీ సంతోషపెట్టాడు. భోజనాలయ్యాయి. పందెం మాట రంగనాయకులు గారు ఎత్తలేదు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు.

చివరకు ఆయనే లేచారు. మాట ఇచ్చాక తప్పుతుందా అంటూ కారు దగ్గరికి నడిచారు. ముందు తల పెట్టి చూశారు, కుదరలేదు. వెనక్కి తిరిగి కూర్చున్నారు, కాళ్ళు బయటే ఉండిపోయాయి. ఇద్దరు మిల్లు మనుషులు ఆ కాళ్ళను ఒకటొకటిగా లోపలికి చేర్చారు. కారు ఆయన వైపు ఒరిగి నేలకు దిగింది. దారిపొడుగునా గుంతలు దాటడం ఒక ఎత్తు, రంగనాయకులు గారితో మలుపు తిరగడం ఒక ఎత్తు. టైరుకూ ఫెండరుకూ మధ్య వేలు పట్టేంత సందు మాత్రమే మిగిలింది.

వాకిలి గేటు దగ్గర ఇరుకు మలుపు. శేషగిరిరావు గారు స్టీరింగు చివరిదాకా తిప్పారు. నేను గోనెసంచి చిరిగే శబ్దం కోసం చెవి ఒగ్గి నిలబడ్డాను. ఏమీ వినపడలేదు. కారు మెత్తగా తిరిగి బజారులోకి వెళ్ళిపోయింది. మా యజమాని నా పక్కనే ఊపిరి వదలడం వినిపించింది.

తిరిగొచ్చాక రంగనాయకులు గారిని బయటికి తీయడానికి ఎక్కించినప్పటికన్నా ఎక్కువమంది కావలసొచ్చారు. ఆయన చొక్కా సర్దుకుని, కారును పైనుంచి కిందకు చూసి, "చక్రాలు బాగున్నాయి బావగారూ" అన్నారు. ఆ మాత్రం అనడానికి ఆయన ఎంత కష్టపడ్డారో ముఖం చూస్తేనే తెలిసింది. శేషగిరిరావు గారికి అది చాలు. ఆయన రొమ్ము పొంగిపోయింది.

ఇంతలో మెట్ల మీద నిలబడి ఇదంతా చూస్తున్న రంగనాయకులు గారి భార్య సుభద్ర గారు కిందకు దిగి వచ్చారు. పొట్టిగా, నెమ్మదిగా ఉండే మనిషి. భర్తగారి ఎత్తైన బండిలో ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చుంటారని, ఎక్కిన ప్రతిసారీ కుచ్చిళ్ళు ఒక చేత్తో, బండి పిడి ఒక చేత్తో పట్టుకోవలసి వస్తుందని భోజనాల దగ్గర ఆవిడే నాతో అన్నారు. ఎర్ర కారు తలుపు తీసి ఉంది. ఆవిడ లోపలికి తొంగిచూశారు.

"దీనికి మెట్టు అక్కర్లేదా వదినగారూ?" అన్నారు.

అన్నపూర్ణ గారు భర్త చేతిలోంచి తాళాలు తీసుకుని స్టీరింగు ముందు కూర్చున్నారు. "రండి వదినగారూ" అన్నారు.

సుభద్ర గారు ఒక్కసారి భర్త వైపు చూసి, అడక్కుండానే ఎక్కేశారు. కొంగు తలచుట్టూ కప్పుకుని తలుపు తనే వేసుకున్నారు. కారు గేటు మలుపు తిరిగింది. బజారు వైపు వెళ్తుందనుకుంటే అటు కాక, ఎడమకు, బందరు రోడ్డు వైపు వెళ్ళింది. కాసేపు ఇద్దరి నవ్వులూ వినిపించాయి. తరవాత అవీ లేవు.

వియ్యంకులిద్దరూ వాకిట్లో పక్కపక్కనే నిలబడి రోడ్డుకేసి చూస్తున్నారు. తమలపాకులు వచ్చాయి, ఇద్దరూ నమిలారు. రోడ్డు ఖాళీగానే ఉంది. చివరకు రంగనాయకులు గారు నా వైపు తిరిగారు.

"ఎంతసేపట్లో వస్తారంటారు మేడమ్?"

"చక్రాలు బాగా కుదిరాయండీ" అన్నాను. "ఇప్పుడప్పుడే రారు."